లొద్దిలో మా మరదలు

మా మరదలు పోయిందన్న కబురు నకిరేకల్‌కు బస్సులో వచ్చింది. నేను అప్పుడు చెల్లెలి ఇంట్లో ఉన్నాను. పొద్దున దీపం పెట్టి, తులసికి నీళ్లు పోసి లోపలికి వస్తున్నాను. బస్టాండు దగ్గర చాయ హోటలు నడిపే అతను వాకిట్లోకి వచ్చి, చెప్పులు విడిచి నిలబడ్డాడు. "జర పెద్దమ్మను పిలువుండ్రి" అన్నాడు. చెప్పులు విడిచిన తీరులోనే నాకు సగం తెలిసింది. కండక్టరు తనకు చెప్పిన మాటను అతను నాకు చెప్పాడు.

"మీ తమ్ముడు చెప్పమన్నడట. పెద్దక్కను తొందరగ రమ్మను, ఆమె నిద్రల్నే పోయింది అని."

పోచంపల్లి పక్కన మా ఊరు చేరేసరికి మధ్యాహ్నమైంది. మా వాడలో ఒక ఇంట్లో చావు జరిగితే అందరి మగ్గాలూ ఆగుతాయి. ఆ నిశ్శబ్దం మా వాళ్లకు ఏడుపు కంటే ఎక్కువ. వీధి మొదట్లో బండి దిగి, ఆ నిశ్శబ్దంలో నడిచి ఇంటికి పోయాను. ఆమె నాకంటే చాలా చిన్నది. నేను ముందు పోవలసింది. దేవుడి లెక్క నాకు తెలియదు. అడగలేదు కూడా.

ఈ నాలుగు మాటలు రాయడానికి ఒక కారణం ఉంది. పదోనాడు స్నానాలయ్యాక మా తమ్ముని బిడ్డ నా పక్కన వచ్చి కూర్చుంది. ఇప్పుడిప్పుడే ఓణీ వేసుకుంటున్న పిల్ల. చాలాసేపు నా కొంగు అంచు మడతపెట్టి, విప్పి, మళ్లీ మడతపెట్టింది.

"పెద్దత్తా, ఒకటి అడుగుత. నిజం చెప్తవా?"

"అడుగు బిడ్డా."

"పాలు తాగే పిల్లను ఇడిసిపెట్టి మా అమ్మ అడివిల గుహలు సూడవోయిందట. వంటింట్ల అనుకుంటున్నరు. నేను బతుకుడే గొప్పట."

వంటింట్లో ఎవరు అన్నారో నేను అడగలేదు. చావింట్లో మాటలు అట్లాగే పుడతాయి. కానీ తల్లి లేని పిల్ల ఆ మాటను జీవితమంతా మోయకూడదు. ఆ గుహలో ఆమె పక్కన ఉన్నది నేను. అందుకే చెప్తున్నాను.

* * *

నేను చిన్నతనంలోనే పసుపుకుంకాలు పోగొట్టుకొని పుట్టింటికి వచ్చినదాన్ని. పూజ, మడి, ఏకాదశులు, మిగిలిన వేళ నూలు పని. ఇంట్లో ఇట్లాంటి పెద్దాడబిడ్డ ఉంటే కోడలు నిలుస్తుందా అని మా అమ్మకు భయం. తమ్ముని పెండ్లయి కోడలు గడపలోకి వచ్చిన మూడో నాడో నాలుగో నాడో నేను దేవుని ముందు కూర్చొని ఉంటే, ఆమె తలుపు దగ్గర నిలబడి పిలిచింది.

"వదినె, నీ దేవుళ్లకు కోపం జల్ది వస్తదా?"

"ఎందుకు?"

"ఆసు పోసేటప్పుడు నాకు పాట పాడే అలవాటు. గొంతు మంచిగుండది. ముందుగాల్నే చెప్తున్న. మళ్ల నన్ననొద్దు."

నాకు నవ్వు వచ్చింది. దేవుని ముందు నవ్వడం నాకు అదే మొదటిసారి. అమ్మ వంటింట్లోంచి తొంగి చూసి, నవ్వింది నేనేనా అని మళ్లీ చూసింది.

ఆసు అంటే తెలియనివారికి ఒక మాట. రుమాళ్లకు రంగులద్దే ముందు దారాన్ని ఒక మేకుల పలక మీద విసనకర్ర ఆకారంలో పోసుకోవాలి. ఆడవాళ్ల పని. చెయ్యి ఒక కొస నుంచి ఇంకో కొసకు పోతూ, వస్తూ ఉంటుంది. ఒక రుమాలుకు సరిపడా పోసేసరికి పూట గడుస్తుంది, భుజం పడిపోతుంది. మా మరదలు ఆ పలకను గడప పక్కనే వేసుకునేది. వీధిలో పోయేవాళ్లందరితో మాట్లాడేది, చెయ్యి మాత్రం ఆగేది కాదు. గొంతు నిజంగానే మంచిగుండేది కాదు. కొన్నాళ్లకు నా పూజకు ఆ పాటే గంట అయింది.

దారం తెగితే మిగిలినవాళ్లం విసుక్కుంటాం. ఆమె విసుక్కునేది కాదు. "తెగితే తెగె, ముడేద్దాం" అనేది. ఒక్క చేత్తో, చూడకుండా, వేలి కొసన ముడి వేసేది. మగ్గం మీదికి పోయాక ఆ ముడి ఎక్కడుందో మా తమ్మునికి కూడా దొరికేది కాదు. అన్నం నిలబడి తినేది. ఎవరికైనా జ్వరమొస్తే వాళ్ల కాళ్ల దగ్గర కూర్చునేది, తల దగ్గర కాదు. "తలకాడ అందరు కూసుంటరు, కాళ్లు సల్లవడ్డది ఎవరు సూస్తరు" అనేది.

ఆమెకు మొదట పుట్టిన ఇద్దరు పిల్లలు దక్కలేదు. ఒకడు పురిట్లోనే పోయాడు. ఒకడు పాకే వయసులో పోయాడు. ఆ తర్వాత చాలా రోజులు పాట వినిపించలేదు. మూడోసారి కడుపు పండినప్పుడు అమ్మ నల్లమల మల్లయ్యకు మొక్కింది. పిల్ల దక్కితే తల్లి తానే లొద్దికి నడిచి వచ్చి, కొత్త నూలు చిలప, అంటే పోగుల చుట్ట, ఒకటి స్వామికి ఇస్తుందని. లొద్ది అంటే లోయ. ఆ లోయ అడుగున, నీటిధార వెనకాల గుహలో మల్లయ్య ఉంటాడు. ఏటా తొలి ఏకాదశికి జనం పోతారు. అది వానల కాలం. అయినా అప్పుడే పోతారు.

పిల్ల పుట్టింది. ఆడపిల్ల. దక్కింది. గుహలు చూడాలని ఎవరూ పోలేదు. పిల్ల కోసమే పోయింది మా మరదలు.

* * *

పోలీసు చర్య అయిపోయి, భయాలు తీరి, జనం మళ్లీ యాత్రలకు బయలుదేరుతున్న రోజులవి. నేను, అమ్మ, తమ్ముడు, మరదలు, పాలు తాగే పిల్ల, అంతే. హైదరాబాదు పోయి, అక్కడి నుంచి పాలమూరు జిల్లా అచ్చంపేటకు బస్సు. ఆపైన ఎడ్లబండి. అడవి అంచున ఒక ఊళ్లో గొల్లవాళ్లు తమ కొట్టం పక్కన జాగా ఇచ్చారు. మనుషులకూ గొర్రెలకూ నడుమ ఒక తడిక.

పొద్దున సన్నగా వాన పడుతోంది. అమ్మ అన్నది, "పిల్లను గా గుహలకు తీస్కపోవద్దు. తేమ పడదు దానికి. నేను పట్టుకుంట. మాపటికల్ల రారా మీరు?"

"ఎందుకు రాం అత్తా?"

మరదలు పిల్లకు పాలిచ్చింది. పిల్ల చాలని నోరు తిప్పుకుంది. మళ్లీ ఇచ్చింది. బయలుదేరి పది అడుగులు పోయి, తిరిగొచ్చి ఇంకోసారి ఇచ్చింది. "దినానికి సరిపడ ఒక్కసారే తాపుతవా ఏంది?" అని తమ్ముడు కేకలేస్తే గానీ కదలలేదు.

అడవిలో దారి అంతా వెదురు. ఆకుల మీద పడిన వాన ఆకుల కింద రెండోసారి పడుతోంది. రాళ్లు పాచిపట్టి జారుతున్నాయి. లోయ అంచున చెట్ల వేళ్లు పట్టుకొని దిగాలి. నాకు చెయ్యి అందిస్తూ మా మరదలు అడిగింది, "వదినె, మీ మల్లయ్యకు ఊళ్లె జాగా దొరకలేదా? గింత దూరం వచ్చి కూసున్నడు."

"అందరూ నీ లెక్క కడపలో కూసుంటరా?" అన్నాను.

"కూసుంటే ఏమాయె? పోయేటోళ్లు వచ్చేటోళ్లు మాట్లాడుతుండిరి."

అడుగున వాగు మోకాలి లోతు ఉంది. బండల మీదుగా దాటాం. అవతల ఎత్తునుంచి ధార పడుతోంది. దాని వెనకకు వంగి పోతే గుహ. బయటి గది కొంచెం పెద్దది. లోపలికి పాకుతూ పోవాలి. కప్పు వీపుకు తగులుతుంది. లోపల మాత్రం నిలబడేంత ఎత్తు ఉంది. చీకటి, గబ్బిలాల వాసన, ఎక్కడో చినుకు పడే చప్పుడు. ఆ చినుకు పడేది మల్లయ్య మీద. దీపం వెలిగించి చూస్తే చిన్న లింగం, నల్లగా తడిగా ఉంది. మరదలు చిలపను ఆయన ముందు పెట్టింది. పేలపిండి నైవేద్యం పెట్టాం. తొలి ఏకాదశికి మేము జొన్న పేలాలు విసిరి, బెల్లం కలిపి చేసే పిండి అది. ఆమె కళ్లు మూసుకొని నిలబడింది. ఏమి మొక్కిందో అడగలేదు.

మేము మళ్లీ పాకుతూ బయటి గదిలోకి వచ్చేసరికి ధార చప్పుడు మారింది. అంతవరకూ ధారగా పడినది గోడగా పడుతోంది. తమ్ముడు తల మీద గొంగడి కప్పుకొని బయటికి పోయి, ఛాతీ దాకా తడిసి తిరిగొచ్చాడు.

"బండలు కనబడ్తలేవు. వాగు నిండుగున్నది."

తక్కిన జనం అప్పటికే లోయ ఎక్కి పోయారు. మాతోపాటు గుహలో ఇంకా ఇద్దరే చిక్కారు. పాలమూరు వైపు ముసలి దంపతులు. ముసలామె నుదురు కొట్టుకుంది. "నేను వద్దంటె ఇన్నవా? పున్నెం పున్నెం అని గుంజుకొచ్చినవు."

"నువ్వే గదనే బియ్యం మూటగట్టింది."

"మూట గట్టిన గని, గుహల వడి సస్తనన్ననా?"

ఏ చెంచులో పొడి కట్టెలు కొన్ని గుహ మూలకు పెట్టి పోయారు. ముసలాయన వాటిని తెచ్చి గుహ నోటి దగ్గర మంట చేశాడు.

గుహలో చిక్కుకోవడం ఎట్లా ఉంటుందో నేను ఎక్కువ చెప్పలేను. ముందు ఆ నీటి గోడ, వెనుక బండ. పక్కనున్న మనిషి మాట వినాలంటే చెవి దగ్గర అరవాలి. వెలుగు బూడిద రంగులో వచ్చి, అదే రంగులో పోతుంది. పొద్దెక్కిందో వాలిందో తెలియదు. నేను నామం చెప్పుకుంటూ కూర్చున్నాను. ఆ చప్పుడులో నా నామం నాకే వినబడలేదు.

మా మరదలు గోడకు ఆనుకొని కూర్చొని చెయ్యి ఆడిస్తోంది. కుడి చెయ్యి ముందుకు పోయి, వెనక్కి వచ్చి, మళ్లీ పోతోంది. పాలమూరు ముసలామె భయపడి నా దగ్గరికి జరిగింది.

"గా పిల్లకు ఏమైంది? చేతులాడిస్తాంది. గాలి గిట్ల సోకిందా?"

మరదలు విన్నది. "ఏం సోకలేదవ్వా. ఆసు పోస్తున్న. ఒక రుమాలు అయిపోతె ఒక పూట పోయినట్టు. మాకు గడియారం గిదే."

"దారమేది?"

"దారం ఉంటే తెగుతది. లేకుంటే తెగదు. గిదే మంచిగున్నది."

ఆ రాత్రి అట్లా గడిచింది. తెల్లవారిందని చెప్పింది కూడా ఆమె చెయ్యే. "మూడో రుమాలు అయిపోయింది వదినె, తెల్లారి ఉంటది" అన్నది. కాసేపటికి నీటి గోడ నిజంగానే బూడిద రంగుకు తిరిగింది.

అప్పటికి ఆమె మాట తగ్గింది. రవికె ముందు తడిసి ఉంది. అది వాన తడి కాదు. పిల్ల తాగవలసిన పాలు గడ్డకట్టి, ఛాతీ రాయిలా అయి, చెయ్యి ఎత్తితే నొప్పి. అయినా చెయ్యి ఆడిస్తోంది. చివరికి లోపలి గుహలోకి పాకింది. నేను తోడు పోయాను. చీకట్లో గోడ వైపు తిరిగి కూర్చొని, బండ మీద పాలు పిండుకుంటూ, "వదినె, మైల పడ్తదా గిది?" అన్నది.

"పడదు."

"గాయన మీద రోజూ నీళ్లే పడ్తయి. ఇయ్యాల పాలు." నవ్వబోయింది. నవ్వు రాలేదు. పళ్లు కరిచి పట్టుకుంది. "గిది దానికి పోవాల్సిన పాలు గద వదినె."

ఆ పూట నేను ఏ మంత్రమూ చదవలేదు. గబ్బిలాలు మీద పడకుండా కొంగు రెండు చేతులా ఎత్తి పట్టుకొని ఆమె వెనక నిలబడ్డాను. నా జీవితంలో ఎన్నో అభిషేకాలు చూశాను. దాని తర్వాత చూసినవి వేరు, ముందు చూసినవి వేరు.

* * *

మేము బయటి గదిలోకి వచ్చేసరికి తమ్ముడు ఒక పని చేసి ఉన్నాడు. దేవుడికిచ్చిన చిలపలో నుంచి రాత్రే తెచ్చుకున్న పోగు ఒకటి తీసి, కొసకు గులకరాయి కట్టి, గుహ నోటి దగ్గర వేలాడదీశాడు. మా వాళ్లు ఎవరైనా అదే చేస్తారు. వానాకాలం పొద్దున పడుగును వీధిలో సాగదీసి గంజి పెట్టాలా వద్దా అన్నది మాకు పెద్ద సందేహం. గంజి పెట్టాక వాన పడితే పడుగంతా పాడు. అందుకని ముందు ఒక పోగు వేలాడదీసి గోటితో మీటి చూస్తాం. గాలిలో తేమ ఉంటే పోగు మెత్తగా సాగుతుంది. తేమ పోతే బిగిసి టంగుమంటుంది. ఇక్కడ ధార అడ్డం ఉండగా బయట వాన పడుతోందో ఆగిందో కంటికి తెలియదు, చెవికి తెలియదు. పోగును అడగడమే మా తమ్మునికి తోచిన దారి.

అతను మీటాడు. ముఖం వెలిగింది.

"అక్కా, ఇగో ఇను. టంగుమంటాంది. వాన ఎలిసింది. నేను పోత."

"ఎక్కడికి?" అన్నది మరదలు.

"పిల్ల కాడికి. వాగు దాటుత. ఈతొచ్చు నాకు."

"బాయిల ఈత గది."

ఆమె పోయి ఆ పోగును వేళ్ల నడుమ పట్టుకుంది. పోగు పొడుగునా వేళ్లు జరిపింది. తర్వాత కింద ముసలాయన మంట వైపు చూసింది.

"పోగు ఉడుకుగుంది. పొగకు ఎండింది గిది, వాన ఎలిసి గాదు. మన వాకిట్ల కట్టిన పోగు గాదు."

ముసలాయన కంగారుపడ్డాడు. "మంట ఆర్పమంటవా బిడ్డా?"

"నువ్వు కాపుకో తాతా. పోగు తప్పు జెప్పింది, నువ్వు గాదు."

తమ్ముడు వినలేదు. ధోవతి ఎగ్గట్టాడు. "రాత్రంత గుక్కపట్టి ఏడ్చి ఉంటది. అమ్మ సక్కెర నీళ్లు తాపితె ఎన్ని దినాలు బతుకుతది? ముందు ఇద్దర్ని గీ చేతులతోనే మట్టిల వెట్టొచ్చిన. ఇంకొకర్ని పెట్టమంటవా?"

ఆమె పోగునే పట్టుకొని నిలబడింది.

"నీకు కన్నపేగు లేదా?" అన్నాడు.

తమ్ముడు చెడ్డవాడు కాడు. భయం అతని నోట అట్లా వచ్చింది. ఆ మాట పడగానే ఆమె ముఖం ఎట్లా మారిందో నేను చూశాను. తడిసిన రవికెను కొంగుతో కప్పుకుంది. అతని ముందుకు వచ్చి, గుహ నోటికి అడ్డంగా కింద కూర్చుంది. అతని ధోవతి కొస పట్టుకుంది. తన కొంగు కొస తీసి, రెండూ కలిపి ముడి వేసింది. తెగిన పోగులకు వేసే ముడి. చూడకుండానే వేసింది.

"పోరికి పాలు ఎవరన్న ఇస్తరు. తండ్రిని ఎవరిస్తరు?" అన్నది. "పోతవా, పో. నన్ను గుంజుకపో."

భర్తను 'నువ్వు' అన్నట్టు మాట్లాడడం ఆమె నోట నేను విన్నది అప్పుడే. గొంతు పెంచలేదు. ధార చప్పుడులో ఆ మాటలు ఎట్లా వినిపించాయో నాకు తెలియదు.

తమ్ముడు ముడి విప్పబోయాడు. తడిసిన బట్ట, మా మరదలి ముడి. గోళ్లు నొచ్చాయి గానీ విడలేదు. లాగాడు. ఆమె లాగిన వైపు వంగింది గానీ లేవలేదు. చివరికి అక్కడే కూలబడి, మోకాళ్లలో తల పెట్టుకొని ఏడ్చాడు. మా తమ్ముడు ఏడవడం పిల్లలను మట్టి చేసిన రోజుల్లో కూడా నేను చూడలేదు. ఆమె ఒక చేత్తో అతని వీపు పట్టుకొని, ఇంకో చేత్తో మళ్లీ ఆసు పోయడం మొదలుపెట్టింది.

ఆ రోజంతా వాళ్లిద్దరూ అట్లాగే ముడిపడి ఉన్నారు. ఒకరు జరిగితే ఇంకొకరు జరగాలి. పాలమూరు ముసలామె చాలాసేపు చూసి, "గిప్పుడు పెండ్లయినట్టున్నది. అక్షింతలు లేవు గని" అన్నది.

"పేలపిండి ఉన్నదిగా" అన్నాడు ముసలాయన.

"అది నీ కడుపుల ఉన్నది."

తమ్ముడు మోకాళ్లలోంచే నవ్వాడు. ముక్కు తుడుచుకుంటూ నవ్వాడు. ఆమె నవ్వలేదు. ధార వైపే చూస్తోంది. ఆమె చెయ్యి పోతూ వస్తూ ఉంది. నేను పక్కన కూర్చొని ఆ చెయ్యినే చూశాను. జపమాల నా ఒళ్లోనే ఉంది. ఆ చెయ్యి ఒక్కసారి ఆగితే ఆమె లేచి ఆ నీళ్లలోకి పరుగెత్తుతుందని నాకు అనిపించింది. అందరికంటే ముందు దూకాలని ఉన్నది ఆమెకే. ఆ ముడి తమ్మునికి ఎంత వేసిందో, తనకూ అంతే వేసుకుంది. ఆ ముడి సంగతి మాత్రం నాకు అప్పుడు తెలియలేదు. తర్వాత ఏండ్లు గడిచాక, అన్నం వండుతూ ఉండగా తెలిసింది.

* * *

ఆ గుహ ఆమెను పూర్తిగా వదిలిపెట్టలేదు. ఆ తర్వాత వాన పడే రోజుల్లో మా ఇంటి తలుపు మూయనిచ్చేది కాదు. జల్లు లోపలికి కొట్టి, నూలు తడుస్తుందని అమ్మ కోప్పడేది. "నూలు ఎండవెడ్త అత్తా, తలుపు మాత్రం ఏయకుండ్రి" అనేది. నేల గుంటలో కాళ్లు పెట్టి కూర్చునే మగ్గం దగ్గరికి మళ్లీ రాలేదు. మునుపు తమ్మునికి సాయంగా అప్పుడప్పుడు దిగేది.

వాడలో ఎవరి పసిబిడ్డ ఏడ్చినా ఆసు పలక వదిలి లేచేది. పోయి చూసి వచ్చేది. ఒకసారి నేను అన్నాను, "ఊరి పిల్లలందర్నీ నువ్వే పెంచుతవా?"

"పెంచ వదినె. సూసొస్త. ఎవరో ఒకరు సూస్తున్నరని తెలిస్తె సాలు."

అప్పుడప్పుడు తమ్ముడు ఆ రోజు అన్న మాట గుర్తొచ్చి తల దించుకునేవాడు. ఆమె ఎన్నడూ ఆ మాట ఎత్తలేదు. పేచీ పడినప్పుడు కూడా ఎత్తలేదు. పేచీలు బాగానే పడేవారు. ఉప్పు ఎక్కువైందని, బీడీ ఎక్కువైందని. కానీ ఆ మాట దగ్గరికి వచ్చేసరికి ఆమె పక్కకు తిరిగిపోయేది. ఇంత ఓర్పు నా పూజలు నాకు ఇచ్చాయని చెప్పలేను.

* * *

బిడ్డా, ఇక నువ్వు అడిగినదాని సంగతి.

మూడోనాడు పొద్దున ధార పలచబడింది. దాని వెనకాల మనుషుల ఆకారాలు కనిపించాయి. ఇద్దరు చెంచులు తీగలతో పేనిన తాడు పట్టుకొని వచ్చారు. ఆ తాడు పట్టుకొని ఒక్కొక్కరం దాటాం. వచ్చేటప్పుడు మేము దాటిన చోట బండలు లేవు. మొదలుతో సహా ఒక చెట్టు అడ్డంగా పడి ఉంది. తమ్ముడు దాని వైపు చూశాడు. మరదలు చూడలేదు. ఆమె అప్పటికే ముందు నడుస్తోంది. లోయ అంచు ఎట్లా ఎక్కిందో, ఆ పాచి రాళ్ల మీద ఎట్లా పరుగెత్తిందో, నేను చాలా వెనకబడ్డాను.

గొల్లవాళ్ల కొట్టం దగ్గర మా జాగాలో అమ్మ లేదు. పిల్ల లేదు. తడిక పక్కన పిల్ల గుడ్డలు మాత్రం ఆరేసి ఉన్నాయి. మరదలు ఆ గుడ్డలు ముట్టుకొని, అక్కడే నిలబడిపోయింది. ఒక పిల్లవాణ్ణి అడిగితే చెయ్యెత్తి వీధి చివర ఇల్లు చూపించాడు. తమ్ముడు ఆమె భుజం పట్టుకొని నడిపించాడు.

ఆ రెండు దినాలు మా అమ్మ వానలో ఇల్లిల్లూ తిరిగిందట. పిల్ల చక్కెర నీళ్లు ఉమ్మేసి, గొర్రె పాలు కక్కేసి, ఏడ్చి ఏడ్చి గొంతు పోయాక, వీధి చివర ఇంట్లో ఒక గొల్ల పడుచు తలుపు తీసిందట. ఎవరి పిల్ల, ఏ కులం అని అడగలేదట. "ఇటు తే అవ్వా" అన్నదట.

మేము పోయేసరికి ఆ పడుచు గుమ్మం లోపల చాప మీద కూర్చొని ఉంది. నువ్వు ఆమె ఒళ్లో నిద్రపోతున్నావు. పెదవుల మీద పాల తడి ఇంకా ఆరలేదు. ఆమె సొంత కొడుకు, నీ అంత వాడే, పక్కన చాప మీద కాళ్లు తన్నుకుంటూ ఏడుస్తున్నాడు. మా అమ్మ వాణ్ణి ఊరడించలేక అవస్థ పడుతోంది.

మీ అమ్మ గడప దాటి నిలబడింది. జుట్టు నుంచి, చీర నుంచి నీళ్లు కారి నేల తడుస్తోంది. చేతులు ముందుకు చాచింది.

"మెల్లగ అమ్మా" అన్నది ఆ పడుచు. "ఇప్పుడే పండింది. రాత్రి నిద్ర లేదు దీనికి." మళ్లీ కొంచెం సిగ్గుపడుతూ, "మీ పోరి మస్తు తాగుతది. నా పోరనికి సాల్తలేదు. గందుకే గా లొల్లి" అన్నది.

మీ అమ్మ చాచిన చేతులు అట్లాగే ఆగాయి. నిన్ను చూసింది. నీ పొట్ట లేస్తూ దిగుతూ ఉంది. అది చాలాసేపు చూసింది. తర్వాత చేతులు వెనక్కి తీసుకొని, కొంగు పిండి తుడుచుకొని, ఆ పడుచుకు ఎదురుగా చాప మీద కూర్చుంది. ఏడుస్తున్న పిల్లవాణ్ణి మా అమ్మ చేతుల నుంచి అందుకుంది.

వాడు మొదట తల తిప్పుకున్నాడు. వాసన కొత్త. మీ అమ్మ నొప్పికి కళ్లు మూసుకుంది. వాడు ఇంకోసారి ఏడవబోయి, ఆగి, పట్టుకున్నాడు. ఆ పడుచు ఫక్కున నవ్వింది. మీ అమ్మ కూడా నవ్వింది. మూడు దినాల్లో మొదటిసారి.

మీ నాయిన లోపలికి రాకుండా చూరు కింద నిలబడ్డాడు. వాన మళ్లీ అందుకుంది. ఆ పిల్లవాడు ఒక చేత్తో మీ అమ్మ తడి జుట్టు గుప్పెట పట్టుకొని తాగుతున్నాడు. ఆమె వాడికి పాలిస్తూ, కన్ను ఆర్పకుండా నిన్నే చూస్తూ కూర్చున్నది.